‘కెరె’ నుంచి *ఝారు దాకా: మల్లేశ్వరంలో ఒక పదవ్యుత్పత్తి తరగతి

బెంగళూరు మల్లేశ్వరంలో తెలుగువారి కోసం ఆదివారాలు జరిగే పదవ్యుత్పత్తి తరగతులకు నాలుగు వారాలు వెళ్లాను. రుసుము 1,600 రూపాయలు. నా మటుకు మూడో వారం పాఠం ఒక్కదానికే ఆ డబ్బు గిట్టిపోయింది.

ఆ రోజంతా ఒకే మాట మీద గడిచింది: రష్యన్ వంటి భాషలకు తల్లి అయిన ప్రాచీన స్లావిక్‌లో వేడికి, నిప్పుల సెగకు పేరైన *ఝారు (ముందున్న నక్షత్రం ఊహించి కట్టిన రూపానికి గుర్తు). రష్యన్‌లో వేడికీ జ్వరానికీ వాడే ‘ఝార్’, అగ్నిప్రమాదమనే అర్థమున్న ‘పఝార్’ దీని సంతతివే. మాస్టారు ముందు దాని ఇంకా పాత రూపం *గేరు అని రాసి, ఏకారం ముందున్న గకారాన్ని చెరిపి ఝకారం పెట్టారు; ఆ ఝకారం పక్కన ఏత్వం నిలవక ఆకారమైందని చూపారు. గకారం ఎందుకు మారాలని ఒకరు అడిగితే, “ఇక్కడి శాంకీ కెరెను మనమైతే ఏమంటాం?” అన్నారు. కన్నడ ‘కెరె’, మన ‘చెరువు’. కన్నడ ‘కివి’, మన ‘చెవి’. ఇ, ఎల ముందు మన కకారం చకారమైనట్టే అక్కడా జరిగిందన్నమాట. అదే ధాతువు నుంచి వచ్చిన *గొరేతి, అంటే ‘మండు’, ఒకారం ముందుంది కనుక గకారాన్ని నిలుపుకుంది. రోజూ వినే మాటలతో ఇంత తేటగా చెప్పిన పాఠం నేను మరొకటి వినలేదు.

సంస్కృతంలో వేడిని తెలిపే ఘర్మం, హరస్సు, గ్రీకు ‘థెర్మోస్’, పారసీక ‘గర్మ్’ మీదుగా మన వంటింటికి చేరిన గరం మసాలా, అన్నీ ఈ ధాతువు బిడ్డలే. జ్వరం కూడా చుట్టమే అనుకున్నాను. దాని ధాతువు వేరని, ధ్వని పోలిక ఒక్కటే సాక్ష్యం కాదని మాస్టారు ఓపికగా సరిదిద్దారు.

లోపమల్లా అచ్చు నోట్సులోనే ఉంది. బోర్డు మీద ప్రతి ఊహారూపం ముందూ ఉన్న నక్షత్ర గుర్తు అందులో ఎక్కడా లేదు. స్లావులకు రాత క్రైస్తవ ప్రచారకులైన సిరిల్, మెథోడియస్ సోదరులతో 9వ శతాబ్దంలో మొదలైంది. *ఝారు అంతకంటే పాతది, ఏ ప్రతిలోనూ దొరకదు. పండితులు తోబుట్టు భాషలను పోల్చి కట్టిన రూపమని తెలిపేది ఆ గుర్తే. అది లేకపోతే కొత్తగా చేరినవారు దాన్ని శాసనాల్లో కనిపించే మాటగా నమ్ముతారు. తర్వాతి విడతకు నోట్సు సరిచేసి అచ్చువేయించమని నిర్వాహకులకు రాసిచ్చాను.