క్యాథ్‌ల్యాబ్‌లో కంటికి ఏది మేలు: లెడ్ కళ్ళద్దాలా, వేలాడే షీల్డా?

విజయవాడలో మా క్యాథ్‌ల్యాబ్‌కి, అంటే ఎక్స్‌రేలో చూస్తూ గుండెలోకి సన్నని గొట్టం పంపే గదికి, పిల్లల గుండె కేసులు నేర్చుకోవడానికి వచ్చే కుర్ర డాక్టర్లు నెల తిరక్కుండానే టెక్నీషియన్‌నైన నన్ను అడుగుతారు: "అన్నా, షీల్డ్ ఉందిగా, లెడ్ కళ్ళద్దాలు కూడా కొనాలంటారా?"

కంటికి తగిలేది ట్యూబ్‌లోంచి నేరుగా వచ్చే ఎక్స్‌రే కాదు, బల్ల మీది బిడ్డ ఒంటికి తగిలి చెదిరేది. అంటే కిందనుంచి, ఎక్కువగా ఎడమపక్క నుంచి వస్తుంది. డాక్టరేమో ఎదురుగా మానిటర్ చూస్తుంటారు. అద్దం 0.75 మి.మీ. సీసంతో సమానమైనా, చెంపకీ ఫ్రేముకీ మధ్య వేలు పట్టేంత సందుంటే రేడియేషన్ అందులోంచే దూరుతుంది. పైగా ఆ బరువుకి అద్దాలు ముక్కు మీదకి జారుతూనే ఉంటాయి.

పైనుంచి వేలాడే సీసపు గాజు పలక, అదే షీల్డ్‌కి ఆ బాధ లేదు. బిడ్డ ఒంటికి దగ్గరగా దించితే మొహం, మెడ మొత్తం కాస్తుంది. నా ఓటు దానికే. కానీ పిల్లల కేసుల్లో దాన్ని అలా ఉంచడమే కష్టం. రెండు దిక్కుల నుంచి ఎక్స్‌రే తీసే బైప్లేన్ మెషిన్ అయితే పక్కనున్న ఎక్స్‌రే ట్యూబ్ అడ్డం. మత్తు డాక్టరు బిడ్డ నోటిలో శ్వాస గొట్టం సరిచేయాలంటే షీల్డ్ తప్పుకోవాలి. ఒకసారి తప్పుకున్నది మళ్ళీ వెనక్కి రాదు! గొట్టం ఎక్కించే తొడ దగ్గర్నుంచి ఛాతీకి బిడ్డలో జానెడు దూరమే కాబట్టి, పెద్దవాళ్ళ కేసుల్లో కంటే డాక్టరు ఎక్స్‌రే పడే చోటికి (బీమ్‌కి) దగ్గరగా నిలబడతారు కూడా. అందుకే కళ్ళద్దాలు వద్దని అనను. కొనేటప్పుడు పక్కలు మూసి, చెంపకి అంటుకునే ఫ్రేమే చూడండి. సైటు ఉంటే పవర్‌తోనే చేయించుకోండి.

లెడ్ టోపీ కంటికి పెద్దగా ఏమీ చేయదు. బిడ్డ మీద కప్పే, రేడియేషన్ ఆపే డ్రేపులు పనికొస్తాయి, కానీ బీమ్‌లోకి జారితే మెషిన్ తనే డోస్ పెంచేస్తుంది.

"ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జ్‌లో ఎప్పుడూ తక్కువే వస్తోంది" అనే ధీమా వద్దు. అది ఛాతీ మీద, సీసపు ఏప్రాన్ లోపల ఉంటుంది, కంటి సంగతి దానికి తెలీదు. శుక్లం భయంతోనే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో కంటి కటకానికి ఏడాది పరిమితిని 150 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ డోస్ కొలత) నుంచి, అయిదేళ్ళ సగటున 20కి దించమంది.

మా ల్యాబ్‌లో మత్తు డాక్టరు చెయ్యి తీయగానే "సార్, షీల్డ్" అనడం నా పని. కొందరు విసుక్కుంటారు. అయినా లాగి పెడతాను.