ముత్తాత పేరు కోసం ఒడిశా భూలేఖ్: పైసా ఖర్చు లేదు గానీ ఓపిక కావాలి

పాత జనాభా లెక్కలు తిరగేస్తే ముత్తాత పేరు దొరుకుతుందని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్లు చాలామంది ఆశపడతారు. దొరకదు. ఇంటింటా రాసుకున్న వివరాలు ఎవరికీ చూపకూడదని 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. అంతకు ముందువాటిలోనూ అచ్చయినవి అంకెలే. పేరు కావాలంటే భూమి కాగితమే గతి. ఆ కాగితాన్ని ఇంట్లో కూర్చుని చూడనిచ్చేది ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైటు.

జిల్లా, తహసీలు, ఊరు ఎంచుకున్నాక ఖతియాన్ (రైతు పేరున ఉండే భూమి ఖాతా పత్రం) నంబరు, ప్లాటు నంబరు, రైతు పేరు అని మూడు దారులుంటాయి. నంబర్లు తెలియనివారికి మూడోదే దిక్కు. అసలు చిక్కు కూడా అక్కడే. పేర్లన్నీ ఒడియా లిపిలో ఉంటాయి. ఆ లిపిలో ఎ, ఏలకు తేడా లేదు. ఒ, ఓలకూ లేదు. ‘వ’ చాలాచోట్ల ‘బ’ అయిపోతుంది. వెంకటరమణ కోసం ‘బెంకట’ దగ్గర చూడాలి. అప్పన్నలో ఒత్తులు ఎగిరిపోయి ఉండొచ్చు. మనం ముందు రాసే ఇంటిపేరు అక్కడ చివరికి పోవచ్చు, అసలు లేకుండానూ పోవచ్చు. ఒక్క స్పెల్లింగు పట్టుకుని వేలాడకుండా ఊరి జాబితా మొత్తం పైనుంచి కిందికి చదవడం మేలు. ఇంట్లో ఒడియా మీడియంలో చదివిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

ఖతియాన్ తెరిస్తే బంగారం మొదటి పేజీలోనే ఉంటుంది. రైతు పేరు పక్కన ‘పి’ అంటే తండ్రి, ‘స్వా’ అంటే భర్త. ఈ తేడా చూసుకోకపోతే ముత్తవ్వ భర్త ఆవిడ తండ్రైపోయి వంశవృక్షం తలకిందులవుతుంది. ‘జా’ కులం, ‘బా’ నివాసం. నివాసం దగ్గర ‘నిజిగాఁ’ అని ఉంటే ఆ ఊరివాళ్లే. వేరే ఊరి పేరుంటే వెంటనే రాసుకోండి, తర్వాత వెతకాల్సింది అక్కడే. ఉమ్మడి ఖాతాలో అన్నదమ్ముల పేర్లు, వాటాలు కూడా కనిపిస్తాయి. తుది ప్రకటన తేదీనీ, అంటే ఆ ఖతియాన్ ఖరారైన తేదీనీ, వదలొద్దు. అది 1975 అనుకుంటే, అప్పటి రైతు తండ్రి దాదాపు 1900 ప్రాంతాల్లో పుట్టిన మనిషి కావచ్చు.

లోపం ఏమిటంటే, సైటు చూపేది ఇప్పుడు అమల్లో ఉన్న ఖతియానే. భూమి చేతులు మారి మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) జరిగితే పాత పేరు తెర మీద నుంచి పోతుంది. అలాంటప్పుడు ప్రత్యేక విషయాలు రాసే గడి చూడాలి. మ్యుటేషన్ కేసు నంబరు, భూమి విడివడిన పాత ఖాతా నంబరు అక్కడ ఉండే అవకాశం ఉంది. భూమి లేని కుటుంబాలకు మాత్రం ఈ సైటు దండగ. అలాంటివారిలో ఎవరైనా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలికి వెళ్లి ఉంటే 1860–1911 నాటి ఓడ జాబితాలు నయం: తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు అన్నీ రాసి పెట్టారు.

జిల్లా తప్పుగా ఎంచుకోవడం మరో మామూలు పొరపాటు. పెద్దలు ‘గంజాం జిల్లా’ అంటే ఇప్పటి గంజామే కానక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా అది మద్రాసు ప్రెసిడెన్సీలోది. టెక్కలి, సోంపేట వైపు కూడా అందులోవే. ఆ ఊళ్లకు భూలేఖ్ కాదు, ఆంధ్ర ప్రభుత్వ భూ రికార్డుల సైటు మీభూమి చూడాలి. గజపతి, రాయగడ జిల్లాలు 1992లో పుట్టాయి. కాబట్టి పర్లాకిమిడి ఊరిని గజపతిలో, గుణుపురం ఊరిని రాయగడలో వెతకాలి. సెన్సస్ పనికొచ్చేది ఇక్కడే. 1931 వరకు గంజాం లెక్కలు మద్రాసు సంపుటాల్లో ఉన్నాయి, 1941వి ఒరిస్సావి. అప్పట్లో ఏ తాలూకా ఏ జిల్లాలో ఉండేదో వాటిలో తేలుతుంది.

భూలేఖ్‌లో దారి ఆగిపోతే తహసీలు కార్యాలయంలోనో కలెక్టరేట్ రికార్డు గదిలోనో పాత ఖతియాన్ నకలుకు దరఖాస్తు పెట్టాలి. గంజాంకైతే కలెక్టరేట్ బరంపురంలో కాదు, ఛత్రపురంలో ఉంది. దరఖాస్తులో మౌజా (రెవెన్యూ గ్రామం), థానా నంబరు (ఆ గ్రామానికి రికార్డుల్లో ఇచ్చిన నంబరు), పాత ఖాతా నంబరు మూడూ రాయండి. మొదటి రెండూ ఖతియాన్ తలకట్టులోనే ఉంటాయి. ఊరి పేరొక్కటే రాస్తే, అదే పేరుతో మరో ఊరున్నప్పుడు వేరే ఊరి కాగితం చేతికొస్తుంది.