గొట్టంలో పట్టాల్సిన విమానం, రబ్బరు తొడుక్కున్న సబ్‌మెరైన్: వాషింగ్టన్ చుట్టూ రెండు రోజులు

దల్లెస్ విమానాశ్రయంలో దిగి హెర్న్‌డన్, యాష్‌బర్న్‌లలో ఉన్న పిల్లల ఇళ్లకి చేరే అమ్మానాన్నల్ని మొదటి శనివారమే తీసుకెళ్లే చోటు ఒకటుంది. షాంటిలీలోని ఉద్వార్-హాజీ సెంటర్. స్మిత్సోనియన్ విమాన మ్యూజియానికి రెండో ప్రాంగణం, 2003 డిసెంబరులో తెరిచారు. చాలామంది డిస్కవరీ స్పేస్ షటిల్ చూసి, ఎస్ఆర్-71 గూఢచారి విమానం ముందు ఫొటో దిగి, రెండు గంటల్లో బయటపడతారు. యుద్ధకాలపు వింత డిజైన్ల కోసం వెళ్లేవాళ్లకి మాత్రం అసలు సరుకు హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే చుట్టుపక్కల ఉంటుంది. తలుపు తీసిన దగ్గర్నుంచి అటే నడవండి. షటిల్ ఎక్కడికీ పోదు, చివర్లో చూడొచ్చు.

ముందు చూడాల్సింది రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ చేసిన ఐచీ ఎం6ఏ1 సెయిరాన్. మొత్తం 28 తయారైతే ప్రపంచంలో మిగిలింది ఈ ఒక్కటే, అదీ చివరగా తయారైనది. 1989లో మరమ్మతు మొదలుపెట్టి 2000లో పూర్తి చేశారు. దూరం నుంచి చూస్తే రెండు పెద్ద ఫ్లోట్ల మీద నిలబడ్డ మామూలు సముద్ర విమానంలాగే ఉంటుంది. వింతంతా రెక్క మొదట్లో ఉంది. ఈ విమానాన్ని సబ్‌మెరైన్ మీద, 3.5 మీటర్ల వ్యాసమున్న గొట్టంలో దాచాలి. రెక్కల వెడల్పేమో 12 మీటర్లు దాటుతుంది. అందుకని రెక్కని ముందు తన ఇరుసు మీదే 90 డిగ్రీలు తిప్పి, పళ్లెం అంచు మీద నిలబెట్టినట్టు చేసి, తర్వాత వెనక్కి మడిచి ఒంటికి ఆనించేవాళ్లు. వెనక అడ్డతోక కొసలు కిందికి వంగుతాయి, నిలువు తోక కొస పక్కకి ఒరుగుతుంది. రెక్క ఒంటిని కలిసే చోట, తోక కొసల దగ్గర అతుకు గీతల్ని వెతికి చూడండి. ఒకసారి కంటికి ఆనాక ఇక విమానం కన్నా ఆ కీళ్లే కనిపిస్తుంటాయి.

ఫ్లోట్లు గొట్టంలో పట్టవు. వాటిని డెక్ కింద, విమానాన్ని గాల్లోకి విసిరే క్యాటపుల్ట్‌కి అటూఇటూ వేరే అరల్లో పెట్టేవాళ్లు. చీకట్లో బిగించాలి కాబట్టి ముఖ్యమైన భాగాలకి మెరిసే రంగు పూసేవాళ్లు. నీటి అడుగునే వేడి నూనె, వేడి కూలెంట్ ఇంజన్‌లో తిప్పి ఉంచేవాళ్లు, పైకి రాగానే ఇంజన్ వేడెక్కేదాకా ఆగనక్కర్లేకుండా. ఇంత చేసినా మూడు విమానాల్నీ ఫ్లోట్లతో ఎగరేయడానికి అరగంట, ఫ్లోట్లు లేకుండా అయితే పావుగంట పట్టేది. ఫ్లోట్లు వదిలేస్తే తిరిగొచ్చాక నీళ్ల మీద దిగలేదు, విమానాన్ని పోగొట్టుకోవాల్సిందే. 1945 నాటి పసిఫిక్‌లో, రాడార్ విమానాలు తిరిగే చోట, 122 మీటర్ల సబ్‌మెరైన్ అరగంట నీటి పైన తేలుతూ ఉండటమంటే నడిరోడ్డు మీద కారు టైరు మార్చుకోవడమే.

ఆ సబ్‌మెరైన్ జపాన్ ఐ-400 రకం. దాని పొట్ట రెండు గొట్టాల్ని పక్కపక్కన కలిపి చేసింది, 8 అంకెని పడుకోబెట్టినట్టు. పైన హ్యాంగరు గొట్టం కూర్చోవడంతో కమాండ్ టవర్‌ని కొంచెం ఎడమకి జరిపారు. ఫలితం: నీటి అడుగున రెండు నాట్ల వేగంలో తిన్నగా పోవాలంటే చుక్కానిని 7 డిగ్రీలు కుడికి పట్టి ఉంచాలి. మొదట వీటి గురి పనామా కాలువ మీద, తర్వాత పసిఫిక్‌లోని ఉలిథి అమెరికన్ స్థావరం మీదకి మార్చారు. దారిలో ఉండగానే యుద్ధం ముగిసింది, సెయిరాన్లని సముద్రంలోకి తోసేశారు. సోవియట్ల చేతికి చిక్కకూడదని 1946లో అమెరికా వాళ్లే హవాయి దగ్గర ఈ సబ్‌మెరైన్లని ముంచారు. ఐ-401 శకలం 2005లో, ఐ-400ది 2013లో దొరికాయి. కాబట్టి ఆ జంటలో మన కాళ్లతో వెళ్లి చూడగలిగింది షాంటిలీ సగమే.

సబ్‌మెరైన్‌తో ముడిపడ్డ ఇంకో వస్తువు ఇక్కడే ఉంది, చాలామంది గమనించకుండా దాటిపోతారు. ఫోకే-ఆఖ్‌గెలిస్ ఎఫ్ఏ 330. ఇంజన్ లేదు. ఇనప గొట్టాల చట్రం, ఒక సీటు, మూడు రెక్కల రోటరు, అంతా కలిపి 75 కిలోల లోపు బరువు. మనిషి ఎక్కిన గాలిపటం అనుకోవచ్చు. జర్మన్ సబ్‌మెరైన్, అంటే యూ-బోట్, ముందుకి పోతుంటే ఎదురుగాలికి రోటరు తిరుగుతుంది, పొడవాటి తాడు చివర వంద మీటర్ల పైకి లేస్తుంది. టవర్ మీద నిలబడ్డ కాపలావాడికి అయిదారు మైళ్లు కనిపిస్తే, పైనున్నవాడికి పాతిక మైళ్ల దాకా కనిపించేది. తాడు వెంబడే టెలిఫోన్ తీగ. హిందూ మహాసముద్రం లాంటి ఖాళీ నీళ్లలో ఓడని వెతకడానికి ఇది పనికొచ్చింది: 1943 ఆగస్టులో యూ-177 దీంతోనే ఎఫ్తాలియా మారి అనే గ్రీకు ఓడని కనిపెట్టి ముంచింది. తంటా ఎక్కడంటే, శత్రు విమానం కనబడితే సబ్‌మెరైన్ వెంటనే మునగాలి. పైవాడిని కిందికి లాక్కునే తీరిక ఉండదు. వాడు మీట లాగితే రోటరు ఊడి పైకి పోతూ పారాచూట్‌ని విప్పుతుంది. ఆ తర్వాత నీళ్లలో వాడి సంగతి వాడిదే.

జర్మన్ యుద్ధవిమానం డోర్నియర్ డీవో 335 దగ్గర మాత్రం ముందు నుంచి ఫొటో తీసి వదిలేయకండి, వెనక్కి వెళ్లండి. ముక్కులో ఒక ఇంజన్, తోకలో ఒక ఇంజన్, రెండు ప్రొపెల్లర్లు. ఒకటి లాగుతుంది, ఒకటి నెడుతుంది. రెక్కల మీద ఇంజన్లు లేకపోవడంతో గాలి అడ్డు తగ్గి గంటకి 760 కిలోమీటర్ల దాకా పోయేది. ఒక ఇంజన్ ఆగినా విమానం పక్కకి లాగదు. వెనక ప్రొపెల్లర్ నేలకి తగలకుండా కాళ్లు అంత పొడవు పెట్టాల్సొచ్చింది, అవే బలహీనమయ్యాయి. వెనక ఇంజనుకి గాలి సరిపోక వేడెక్కేది. పైలట్ దూకితే ప్రొపెల్లర్‌లో పడి నలిగిపోతాడని, ముందు తోకనీ ప్రొపెల్లర్‌నీ పేల్చి ఊడగొట్టే మందుగుండు బోల్టులు పెట్టారు. 1970ల్లో దీన్ని బాగుచేయడానికి జర్మనీ పంపినప్పుడు ఆ మందుగుండు ముప్పై ఏళ్ల తర్వాత కూడా సజీవంగా ఉందని డోర్నియర్ పనివాళ్లు కనిపెట్టారు. అన్నేళ్లూ గోదాములో దాని చుట్టూ జనం తిరుగుతూనే ఉన్నారన్నమాట.

జర్మన్ జెట్ ఆరాడో ఏఆర్ 234 కూడా మిగిలిన ఒకే ఒక్కటి. జెట్ ఇంజన్ నోట్లోకి చూస్తే నడిమధ్య గుండ్రటి కొస, దానికో రింగు కనిపిస్తుంది. లోపల చిన్న రెండు స్ట్రోకుల పెట్రోలు మోటారు ఉంటుంది. స్టార్టరు పని చేయకపోతే ఆ రింగు పట్టి తాడు లాగాలి, జనరేటర్ స్టార్ట్ చేసినట్టు. ప్రపంచంలో తొలి జెట్ బాంబరుకి అదీ ఏర్పాటు. నికెల్, క్రోమియం కొరతతో నాసి ఉక్కు వాడినందువల్ల యూమో 004 ఇంజన్లు పాతిక గంటలు దాటడమే కష్టం. ఒళ్లంతా ఇంధన ట్యాంకులే కాబట్టి బాంబులు బయటే వేలాడాలి. బాంబు గురి యంత్రం పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. గురి చూసేటప్పుడు స్టీరింగ్ పక్కకి తోసేసి విమానాన్ని ఆటోపైలట్‌కి అప్పగించి ముందుకి వంగేవాడు.

తోక లేకుండా ఒట్టి రెక్కలా ఉండే జర్మన్ జెట్ హోర్టెన్ 229 రాడార్‌కి కనబడదని యూట్యూబులో చెప్పే మాయ కథలు నమ్మి వెళ్తే నిరాశే. అక్కడున్నది సగంలో ఆగిన మూడో నమూనా. ప్లైవుడ్ పొరలు విడిపోయి పుండు పడ్డట్టు ఉంటుంది. కొత్తగా రంగు కొట్టకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుతున్నారు, అదే సరైన పని. రాడార్‌ని మింగడానికి జిగురులో బొగ్గుపొడి కలిపారన్న మాటకి మ్యూజియం పరీక్షల్లో ఆధారం దొరకలేదు. జపాన్ ఆత్మాహుతి విమానం ఓకా 22 చిన్నది, పక్కనే నిలబడితే మనిషి ప్రాణాన్ని ఎంత చవగ్గా కట్టారో అర్థమవుతుంది: కర్ర రెక్కలు, 600 కిలోల పేలుడు పదార్థం.

ఇంతా చూడటానికి నాలుగు గంటలు కావాలి. ఉదయం 10కి తెరిచి 5:30కి మూస్తారు, డిసెంబరు 25 తప్ప ఏడాదంతా. టికెట్ లేదు, ముందే పాసులు తీసుకోనక్కర్లేదు. (డీసీ నడిబొడ్డున ఉన్న మొదటి మ్యూజియానికి పాసు కావాలి, రెండింటినీ కలిపి తికమక పడకండి.) పార్కింగు కారుకి 15 డాలర్లు, సాయంత్రం 4 దాటాక ఉచితం. గంటన్నరలో సెయిరాన్, డీవో 335 మాత్రం చూస్తే చాలనుకునేవాళ్లకి అదే మంచి లెక్క. కారు లేకపోతే సిల్వర్ లైన్ మెట్రోలో దల్లెస్ వైపు వచ్చి 983 నంబరు ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ బస్సు ఎక్కాలి. బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఎక్కువ, తిరుగు ప్రయాణం వేళ ముందే ఫొటో తీసి పెట్టుకోండి. వాలంటీర్లు ఉచితంగా తిప్పి చూపిస్తారు. వాళ్లని "రెక్క ఎలా మడుస్తారు" అని అడగండి, "ఏది గొప్ప విమానం" అని అడిగితే ఎస్ఆర్-71 దగ్గరికి లాక్కుపోతారు. పై నడకదారి ఎక్కితే రెక్కల పైభాగం కనిపిస్తుంది. ట్రైపాడ్‌కి అనుమతి లేదు, లోపల వెలుతురు తక్కువ, ఫోన్ ఫొటోలు కొంచెం కదులుతాయి.

తిండి లోపల బర్గర్ల మీదే. శాకాహారులు పది పదిహేను నిమిషాలు డ్రైవ్ చేసి షాంటిలీ, హెర్న్‌డన్ బజార్లలో దోసె తినడం నయం. బస కూడా అటే. దల్లెస్ చుట్టూ హోటళ్లు కంపెనీ పనుల మీద వచ్చేవాళ్లతో సోమ నుంచి గురు దాకా నిండుతాయి, శుక్ర శని వారాల్లో అద్దె దిగుతుంది. వంటగది ఉన్న గదులు దొరుకుతాయి, చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే అవే తీసుకోండి. డీసీ లోపల దిగితే గది అద్దె మీద రాత్రికి పార్కింగు వేరే కట్టాలి, ఈ ప్రయాణానికి అది దండగ.

రెండో రోజు మేరీలాండ్ దక్షిణపు కొసకి. పైనీ పాయింట్ దగ్గర పొటోమాక్ నది అడుగున జర్మన్ సబ్‌మెరైన్ యూ-1105 పడి ఉంది. వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే రోడ్డు దాటి 5వ నంబరు రోడ్డు పట్టుకుని, కాలవే ఊళ్లో 249 మీదకి తిరగాలి. షాంటిలీ నుంచి రెండు గంటలు, శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే మూడు. ఈ సబ్‌మెరైన్ ఒంటికి రబ్బరు చర్మం అతికించారు. అల్బెరిక్ అని పేరు. మొత్తం 4 మిల్లీమీటర్ల మందం, రెండు పొరలు, లోపలి పొరలో చిల్లులు. సబ్‌మెరైన్లని వెతికే సోనార్ శబ్దం వచ్చి తగిలితే ఆ చిల్లుల్లోని గాలి దాన్ని మింగాలి. లోతుకి పోయేకొద్దీ ఒత్తిడికి గాలి నలిగి పనితనం మారిపోతుంది. అంతకన్నా పెద్ద తలనొప్పి జిగురు: ఉప్పునీటికి అంచులు లేచి, రబ్బరు రెపరెపలాడి, దాచాల్సిన సబ్‌మెరైనే చప్పుడు చేసేది. యుద్ధం తర్వాత బ్రిటన్ చేతి నుంచి అమెరికాకి వచ్చింది, పరీక్షలయ్యాక 1949 సెప్టెంబరు 19న ముంచేశారు. 1985లో డైవర్లు కనిపెట్టారు. 1994లో మేరీలాండ్ తొలి చారిత్రక నీటి అడుగు సంరక్షణ స్థలమైంది. ఇవాళ్టి సబ్‌మెరైన్లకి అతికించే రబ్బరు పలకలకి ఇదే తాతముత్తాత.

ఉన్నమాట చెప్పాలంటే, డైవింగ్ రాకపోతే ఒడ్డు నుంచి కనిపించేదేమీ ఉండదు. సీజన్‌లో మైలు దూరాన ఒక గుర్తు బోయ మాత్రం తేలుతుంటుంది. ఒడ్డున 1836 నాటి లైట్‌హౌస్, దాని మ్యూజియంలో యూ-1105 గురించి ప్రదర్శన ఉంది. గంట చాలు. చలికాలంలో వేళలు కుదిస్తారు, ఫోన్ చేసి వెళ్లండి. డైవర్లకి కూడా సులువు కాదు: అడుగు 28 మీటర్లు, మసక నీళ్లు, చేతి దూరం దాటి కనిపించని రోజులే ఎక్కువ, ఆటుపోట్ల ప్రవాహం బలంగా ఉంటుంది. పోటు నిలిచే కాసేపట్లోనే దిగి రావాలి. బీచ్‌లో రెండు డైవ్‌లు చేసిన అనుభవంతో ప్రయత్నించొద్దు. రాత్రి ఉండాలంటే లెక్సింగ్టన్ పార్క్‌లో గదులు దొరుకుతాయి. పటక్సెంట్ నేవీ విమాన మ్యూజియం కూడా అక్కడే. తిరిగొచ్చేటప్పుడు వారాంతమైతే లాన్‌హమ్ శివవిష్ణు గుడి క్యాంటీన్‌కి బెల్ట్‌వే నుంచి చిన్న చుట్టుతిరుగుడు.

సబ్‌మెరైన్ లోపలికి ఎక్కి నడవాలని పట్టుబడితే బాల్టిమోర్ రేవులో టార్స్క్ ఉంది, 1944 నాటిది. 1945 ఆగస్టు 14న జపాన్ చివరి యుద్ధ ఓడల్ని ముంచింది ఇదే. అయితే విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర ఎక్కినవాళ్లకి ఇది తప్పనిసరేం కాదు. అవే గుండ్రటి ద్వారాలు, అదే తలవంచుడు. కురుసుర తరగతి సోవియట్ డిజైన్‌కి జర్మన్ 21వ రకం యూ-బోట్‌తో చుట్టరికం కూడా ఉంది. జర్మన్‌దే కావాలంటే షికాగోలో యూ-505. 1944 జూన్ 4న సముద్రం మీదే పట్టుకున్నది, ఎఫ్ఏ 330 మోసిన బోట్లలాగే ఇదీ తొమ్మిదో రకమే. మ్యూజియం టికెట్‌తో బయటి నుంచే చూడనిస్తారు. లోపలికి వెళ్లడానికి వేరే టికెట్, శనివారాల్లో మధ్యాహ్నానికే అయిపోతుంది, ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి.