కాశీలో మూడు బసలు: గదికన్నా ముందు మెట్లు చూశాను

కాశీలో బస అనగానే మనవాళ్లు అడిగేవి రెండే: గుడికి ఎంత దూరం, వేణ్ణీళ్లు వస్తాయా. నేను మెట్లు ఎలా ఉన్నాయని కూడా అడుగుతున్నాను. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ కరోల్‌బాగ్ హోటల్లో 17 మంది, 2025 ఏప్రిల్‌లో కోల్‌కతా బడాబజార్ హోటల్లో 14 మంది పోయారు. ఇలాంటి చోట్ల మంటకన్నా ముందు పొగే చంపుతుంది.

అత్తయ్యగారు, పిల్లలతో చలికాలంలో వెళ్లాం. మొదట దిగింది దశాశ్వమేధ ఘాట్ దగ్గర ఒక గల్లీలో గెస్ట్‌హౌస్. ఫొటోల్లో చూస్తే గంగ కిటికీలోంచి చేతికందేలా ఉంది. గొదౌలియా కూడలి దాటాక బండ్లు రావు కాబట్టి సామాను మోసుకుంటూ చేరాం. మనిషి పక్కన మనిషి పట్టని ఒకే ఒక్క మెట్ల దారి. ఆ మెట్ల కిందే ఒక స్కూటర్ చార్జింగ్‌కి పెట్టి ఉంది! కోతుల బెడదకి కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్స్, పైన డాబా తలుపుకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అక్కడి కుర్రాణ్ణి అడిగితే మేనేజర్ దగ్గరన్నాడు. రాత్రిపూట మేనేజర్ ఎక్కడుంటాడంటే, "ఇంటికెళ్లిపోతారు" అన్నాడు తాపీగా.

బాత్రూమ్ చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది. లోపల గ్యాస్ గీజర్. చలిగాలి రాకుండా వెంటిలేటర్‌లో అట్టముక్క కుక్కారు. గాలి ఆడని చోట గ్యాస్ గీజర్ వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, తల తిరిగి పడిపోయేదాకా తెలియదు. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకున్నా ఇదే ప్రమాదం. అట్టముక్క తీయించి, గీజర్ ఆపి, బయటినుంచి బకెట్‌తో నీళ్లు తెప్పించుకున్నాం. తెల్లారగానే ఖాళీ చేశాం. గంగ మాత్రం నిజంగానే బాగా కనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి.

రెండోది కంటోన్మెంట్ స్టేషన్ వైపు మామూలు హోటల్. గుడికి మూడు నాలుగు కిలోమీటర్లు, ఆటో బేరాలు తప్పవు. కరెంటు గీజర్ ఉంది. మంటలార్పే సిలిండర్ల మీద ముల్లు ఆకుపచ్చలోనే ఉంది, అంటే లోపల ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టు. రెండు మెట్లదారులున్నాయి కానీ రెండోదాని నిండా పాత పరుపులు పేర్చారు. అడిగితే సాయంత్రానికి తీసేశారు, విసుక్కోలేదు. రిసెప్షన్‌లో అబ్బాయి ఆధార్‌ని తన సొంత ఫోన్లో ఫొటో తీసుకోబోయాడు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ జిరాక్సు ఇచ్చాను. పదిమంది ముందు మా గది నంబరు గట్టిగా చెప్పడం మాత్రం నచ్చలేదు. రాత్రి ఎవరో తలుపుకొట్టి "ఏసీ చూడాలి" అన్నారు. చలికాలంలో ఏసీ ఏమిటి? తలుపు తీయకుండా రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే, మేమెవర్నీ పంపలేదన్నారు. తలుపు తెరుచుకోకుండా ఆపే రబ్బరు ముక్క ఇంటినుంచి తెచ్చుకున్నాం, దాన్ని తలుపు కింద బిగించి పడుకున్నాం.

రహస్య కెమెరాల భయం చాలామందికి ఉంటుంది. లైట్లు ఆర్పి ఫోన్ టార్చితో అద్దం, స్మోక్ డిటెక్టర్, సెట్‌టాప్ బాక్సు చుట్టూ వేసి చూస్తే లెన్సు ఉన్నచోట మెరుస్తుంది. యాప్‌లను నేను నమ్మను. ఏదైనా దొరికితే దాన్ని ముట్టుకోకుండా అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలి. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద అది నేరం.

చివరికి తెలుగువాళ్ల సత్రంలో గది దొరికింది. మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, ఇద్దరు ముగ్గురు కలిసి దిగగలిగే మెట్లు. గేటు తాళంచెవి జేబులో పెట్టుకుని అక్కడే పడుకునే వాచ్‌మన్. ఏసీ లేదు, పరుపు పలచన. గొళ్ళేనికి మన తాళమే వేసుకోవచ్చు. విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కదా, వాటిని గదిలో పెట్టి వెళ్లడానికి ఈ సంగతి బాగా కలిసొచ్చింది. మూడింట్లో తక్కువ ఖర్చు, ఎక్కువ నిద్ర ఇక్కడే.

కాకపోతే గది దొరకడమే కష్టం. పైగా సత్రాల పేరుతో, దేవస్థానం గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. గూగుల్‌లో కనిపించిన నంబరుకి ఫోన్ చేస్తే "ముందు సగం ఫోన్‌పే చేయండమ్మా" అంటారు. ఇదివరకు అక్కడ దిగినవాళ్ల దగ్గర రసీదు మీది నంబరు అడిగి తీసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

తెల్లవారుజామున మంగళహారతికి వెళ్లేవాళ్లు వాచ్‌మన్‌కి ముందురోజు రాత్రే చెప్పి ఉంచండి. రెండింటికి లేపితే ఆయన విసుక్కుంటాడు గానీ గేటు తీస్తాడు.