ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ: బోధనపై పరిశోధనకు పనికొచ్చే 30 ప్రశ్నలు

పాఠం చెప్పే తీరు మార్చాను, దాన్నీ పరిశోధనగా లెక్కించండి అని ప్రమోషన్ కమిటీ ముందుకు వెళ్తే "ఆధారమేది?" అంటారు. విద్యార్థులకు క్లాసు నచ్చిందని చెప్పే ఫీడ్‌బ్యాక్ ఫారాలు అక్కడ నిలవవు. మెకానిక్స్ (భౌతికశాస్త్రంలో బలం, చలనం గురించిన భాగం) చెప్పేవాళ్లకు మాత్రం గట్టి పరికరమే ఉంది: ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్ష. దీన్ని 1992లో హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ తయారుచేశారు. 1995లో సవరించిన ప్రతిలో 30 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు ఆప్షన్లు. అరగంట చాలు. అధ్యాపకులమని రుజువు చూపిస్తే, భౌతికశాస్త్రం చెప్పేవాళ్ల కోసం నడిచే ఫిజ్‌పోర్ట్ సైటులో ఉచితం.

దీని బలమంతా తప్పు ఆప్షన్లలోనే ఉంది. పెద్ద లారీ, చిన్న కారు ఢీకొన్నాయి. ఏది ఎక్కువ బలం చూపింది? రెండూ ఒకదానిమీద ఒకటి సమాన బలమే చూపుతాయి. కానీ ఆ మాటే చెప్పే న్యూటన్ మూడో సూత్రాన్ని గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా చాలామంది లారీకే ఓటేస్తారు. లెక్క కట్టేదేమీ ఉండదు, ఫార్ములా చాటున దాక్కునే వీలూ లేదు.

కోర్సు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పెట్టాలి. సగటు 40 శాతం నుంచి 64కి చేరితే, పెరిగిన 24ను పెరగడానికి మిగిలిన 60తో భాగించాలి: 0.40. 1998లో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది ఫలితాలు సేకరించాడు. ఉపన్యాసాలతో నడిచినవాటి సగటు 0.23, విద్యార్థులు చర్చించి తేల్చుకునేవాటిది 0.48. మీ అంకెను పోల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన కొలత దొరకదు.

చెడేదంతా పరీక్ష పెట్టే పద్ధతిలోనే. రెండుసార్లూ రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. బలహీనులు మధ్యలో మానేస్తే చివరి సగటు ఊరికే పైకి లేస్తుంది. సరైన జవాబులకు మార్కులిస్తే ప్రశ్నలు బయటికి పొక్కుతాయి, అసలేమీ ఇవ్వకపోతే చేతికొచ్చింది గీసిపోతారు. పూర్తిగా రాసినందుకు కొద్ది మార్కులిచ్చి, క్లాసులోనే రాయించి, ప్రశ్నపత్రాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. మనుషులపై చేసే పరిశోధనను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి పరీక్షకు ముందే ఉండాలి. డేటా చేతికొచ్చాక అడిగితే ఆ సెమిస్టర్ వృథా.

లోపాలూ ఉన్నాయి. కొన్ని ప్రశ్నలు స్త్రీలకు, పురుషులకు ఒకేలా పనిచేయవని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. మొదటి స్కోరు ఎక్కువున్న క్లాసులకు ఈ 0.40 లాంటి అంకె కూడా ఎక్కువగానే వస్తుంటుంది. అందుకే ఎఫెక్ట్ సైజు (సగటులో వచ్చిన మార్పును స్కోర్ల వ్యాప్తితో పోల్చే కొలత) కూడా జతచేయడం మేలు.

ఒక్క అంకె పట్టుకెళ్తే కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఏం తెలుసుకోవాలనుకున్నారు, క్లాసులో ఏం మార్చారు, ఏది పనిచేయలేదు — మరో అధ్యాపకుడు తన క్లాసులో చేసి చూసుకునేంత వివరంగా రాసి, పీర్ రివ్యూ (అదే రంగంలోని ఇతరుల పరిశీలన) దాటించాలి. బోధనను పాండిత్యపు నాలుగు రూపాల్లో ఒకటిగా 1990లో అమెరికన్ విద్యావేత్త బోయర్ చెప్పినప్పటి నుంచీ అడుగుతున్నది ఇదే.

విద్యుత్తు, అయస్కాంతత్వం చెప్పేవాళ్లకు ఇది పనికిరాదు. ఫిజ్‌పోర్ట్‌లోనే ఆ విషయాలకు బెమా అనే పరీక్ష ఉంది, చూసుకోండి.