బరంపురం నుంచి విశాఖకు ఇల్లు తరలింపు: ఒక ప్యాకర్స్ సంస్థ పనితీరు గురించి

ఒడిశాలోని బరంపురంలో మా నాన్నగారు 1978లో కట్టించిన ఇంటిని ఈ మధ్యనే అమ్మివేశాము. తాళాలు అప్పగించవలసిన తేదీని ఒప్పందంలోనే రాసుకున్నందువల్ల, నలభై ఏళ్లకు పైగా పోగుపడిన సామానును సర్ది, సుమారు 270 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం చేర్చడానికి అమ్మకూ నాకూ పద్దెనిమిది రోజులే మిగిలాయి. ఆ పనిని పాత బస్టాండు సమీపంలోని ఒక స్థానిక ప్యాకర్స్ సంస్థకు ఇచ్చాము. ఇల్లు అమ్మి సరిహద్దు దాటి వెళ్లబోయే మన తెలుగువారికి ఉపయోగపడుతుందని వారి పనిని వివరంగా రాస్తున్నాను.

వీరికంటే ముందు మరొక సంస్థను అడిగాను. వారు ఇల్లు చూడకుండానే ఫోనులో 19,000 రూపాయలు చెప్పి, రాష్ట్రం దాటడానికి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) పేరుతో మరో 1,500 అడిగారు. వాడుకున్న ఇంటి సామానుకు జీఎస్టీ నిబంధనల ప్రకారం ఈ-వే బిల్లు అవసరం లేదు. లేని ఖర్చును మొదటి మాటలోనే చూపించినవారికి ఇల్లంతా అప్పగించడానికి నాకు మనసొప్పలేదు. ఈ సంస్థ సూపర్‌వైజరు మాత్రం స్వయంగా వచ్చి, రెండు గంటలసేపు ప్రతి బీరువా తెరిపించి, అటక ఎక్కి ఇత్తడి గుండిగలు సైతం లెక్కపెట్టి, ఆ తరువాతే 31,500 రూపాయలని కాగితం మీద రాసి ఇచ్చారు. ధర ఎక్కువే, కానీ చివరి వరకు అందులో ఒక్క రూపాయి పెరగలేదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది ఆయన తయారు చేసిన పట్టికను. ఏ గదిలో ఏ వస్తువు ఉంది, దాని స్థితి ఏమిటి, విలువ ఎంత అనే వివరాలన్నీ అందులో ఉన్నాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, పడకగదిలోకి వచ్చిన వాన నీటికి మా చెక్క బీరువా అడుగు పలక ఉబ్బిపోయింది. మేము ఏనాడో మరచిపోయిన ఆ లోపాన్ని ఆయన వంగి చూసి, ‘పాత దెబ్బ’ అని రాసి, నా చేత సంతకం చేయించారు. అలా రాసుకోవడం వల్ల రేపు వారు మా మీద గాని, మేము వారి మీద గాని నింద వేయడానికి అవకాశం ఉండదు.

ఫ్యాన్లు, గీజరు ఎవరికి చెందుతాయని అడిగినది కూడా ఆయనే. మాకు ఆ ఆలోచనే రాలేదు. వెంటనే కొనుగోలుదారుతో మాట్లాడి, ఫ్యాన్లు వారికి, గీజరు మాకు అని రాసుకున్నాము. గ్యాసు సిలిండరును లారీలో ఎక్కించబోమని ముందే చెప్పడంతో, దానిని రెగ్యులేటరుతో సహా ఏజెన్సీకి తిరిగి ఇచ్చి, డిపాజిటుతో పాటు టర్మినేషన్ వోచరు తీసుకున్నాము. కొత్త ఊరిలో కనెక్షనుకు ఆ వోచరు అవసరం కాబట్టి దానిని పెట్టెల్లో కాక చేతిసంచిలో ఉంచుకోవడం మంచిది.

సర్దిన రోజున ఐదుగురు వచ్చారు. అమ్మను ‘మాఉసీ’ (పిన్ని) అని పిలుస్తూ, సగం ఒడియాలో, సగం తెలుగులో అడిగి అడిగి పని చేశారు. ఆమె పెళ్లినాటి బరంపురం పట్టు చీరలను ప్లాస్టిక్ కవర్లలో పెట్టవద్దంటే, విసుగు పడకుండా ఆమె ఇచ్చిన పాత నూలు పంచెలలోనే చుట్టారు. రోలును వదిలివేద్దామని నేను అన్నాను గాని, అమ్మ ఒప్పుకోలేదు. ఇద్దరు మనుషులు దానిని గోనె సంచి మీద జరుపుకుంటూ గుమ్మం దాటించారు. గడపకు గీత కూడా పడలేదు. ఇక మాది కాని ఇంటి గడపను వారు అంత జాగ్రత్తగా చూడడం నా మనసుకు ఎంతో హత్తుకుంది. చివరికి ఖాళీ గదులన్నీ ఊడ్చి వెళ్లారు.

లోపాలు కూడా ఉన్నాయి. ఉదయం ఏడు గంటలకు రావలసిన లారీ పదకొండున్నరకు వచ్చింది. ఆలస్యమవుతుందని ముందుగా ఒక్క ఫోను కూడా చేయలేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది విశాఖలో ఎదురైంది. డెబ్బై మూడు పెట్టెల మీద సామాను పేర్లన్నీ ఒడియా లిపిలోనే ఉన్నాయి, దించడానికి వచ్చిన కూలీలకు అది రాదు. బడిలో ఒడియా చదువుకున్నందువల్ల నేను గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కటి చదివి చెప్పగలిగాను. ఆ లిపి రానివారైతే వంటింటి పెట్టెలు పడకగదిలోకి చేరేవి.

అలంకరణ బల్ల అద్దం పగిలింది. పట్టికలో దాని విలువ 4,000 రూపాయలని ఉన్నందువల్ల వాదన లేకుండా పదకొండు రోజుల్లో ఆ మొత్తం నా ఖాతాకు చేరింది. ఊరగాయ జాడీ మూత కూడా పగిలింది గాని, ఆ జాడీని పట్టికలో రాయించకపోవడం మా పొరపాటు. రోడ్డు రవాణా సంస్థల బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్ల వరకే, అదీ మనం ప్రకటించిన విలువకు మించకుండా ఉంటుంది కనుక, విలువలు రాసేటప్పుడు మొహమాట పడకూడదు. 2007 నాటి రోడ్డు రవాణా (క్యారేజ్ బై రోడ్) చట్టం ప్రకారం, కోర్టుకు వెళ్లవలసి వస్తే బుకింగు తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. అందుచేత లారీ రసీదునూ, పట్టికనూ అప్పటివరకు భద్రపరచుకోవాలి.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటి వెళ్లే పెట్టెల మీద తెలుగులో కూడా రాయించమని సూపర్‌వైజరుకు చెప్పాను. ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు.