ఆర్‌లో విచ్: ఏళ్ళ వాడకం తర్వాత, ఒక్క డ్రాప్ మీద కోపంతో

డేటా లెక్కలకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషలో, మ్యాట్రిక్స్ (రోలు, కాలమ్‌ల అంకెల పట్టిక)లో మనకు కావలసిన విలువలు ఏ రోలో, ఏ కాలమ్‌లో ఉన్నాయో వెతకడానికి విచ్ (which) అనే ఫంక్షన్‌ని మించింది నాకింతవరకు దొరకలేదు. ఆర్.ఇండ్ (arr.ind) = ట్రూ పెడితే రో, కాలమ్ అంకెల జంటలుగా ఇస్తుందని అందరికీ తెలిసిందే.

దాని విలువ తెలిసేది కోరిలేషన్ (రెండు కాలమ్‌ల విలువలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె) పట్టిక దగ్గర. ఆర్‌తోపాటే వచ్చే కార్ల డేటా ఎంటీకార్స్ (mtcars)లో 11 కాలమ్‌లు. ప్లస్ మైనస్ పట్టించుకోకుండా 0.8 దాటినవి అడిగితే 25 చోట్లు చూపిస్తుంది. వాటిలో 11 వికర్ణం మీదివి (ప్రతి కాలమ్ తనతో తానే), మిగతా 14 ఏడు జంటలే రెండేసిసార్లు. అదే షరతుకు వికర్ణానికి పైభాగాన్నే ఎంచే అప్పర్.ట్రై (upper.tri)ని & తో కలపండి, సరిగ్గా 7 వస్తాయి. లూపు రాసే పనే లేదు. పైగా ఎన్‌ఏ (NA, విలువ లేదనే గుర్తు) ఉన్న గడులను తనే వదిలేస్తుంది.

ఇక నా కోపం. 10 నుంచి 120 దాకా పదేసి చొప్పున పెంచుతూ 3 రోలు, 4 కాలమ్‌ల మ్యాట్రిక్స్ 'ఎమ్' తయారుచేయండి. ఆర్ కాలమ్ వెంబడి పైనుంచి కిందికి నింపుతుంది. 75 దాటినవి విచ్, ఆర్.ఇండ్‌లతో వెతికి 'చోటు'లో పెట్టుకుంటే 5 వస్తాయి. మొదటిది రో 2, కాలమ్ 3, అంటే 80. ఎమ్[చోటు] అంటే 80, 90, 100, 110, 120 చక్కగా వస్తాయి. మొదటిదొక్కటే చాలని ఎమ్[చోటు[1, ]] అన్నారో, 20, 30 వస్తాయి! ఒక్క రో తీయగానే ఆర్ దాన్ని మామూలు వెక్టర్ (ఒంటి వరుస అంకెలు) చేసేస్తుంది; ఈ అలవాటు పేరే డ్రాప్. 2, 3 అనేవి రో, కాలమ్ కాకుండా రెండో గడి, మూడో గడి అయిపోతాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. లూపులో అలాగే రాసి సున్నా పెట్టబోతే, 80 అలాగే ఉంటుంది, 20, 30 చెరిగిపోతాయి. డేటా పాడయిన సంగతి ఎక్కడో గ్రాఫ్ దగ్గరగానీ బయటపడదు. మందు: చోటు[1, , డ్రాప్ = ఫాల్స్]. మధ్యలో రెండు కామాలు, మరిచిపోవద్దు.

ఎన్‌ఏ వదిలేయడం మంచిదన్నాను కదా, ఎప్పుడూ కాదు. అన్నీ ఒకే విలువ ఉన్న కాలమ్‌కు కోరిలేషన్ ఎన్‌ఏ వస్తుంది. విచ్ దాన్ని దాటేస్తే ఆ కాలమ్‌కు దేనితోనూ సంబంధం లేదనుకుంటాం. ముందు ఈజ్.ఎన్‌ఏ (is.na)తో ఒకసారి వెతికి చూడండి. కాలమ్ పేర్లు కూడా ఫలితంలో రావు, కాల్‌నేమ్స్‌తో తెచ్చుకోవాలి.

నేను చూసేవి కొన్ని వందల కాలమ్‌ల పట్టికలు, కాబట్టి నాకిది సరిపోయింది. 20,000 × 20,000 అయితే ట్రూ, ఫాల్స్‌ల పట్టికకే గడికి 4 బైట్ల లెక్కన 1.6 జీబీ కావాలి. అప్పుడు కాలమ్‌లను గుంపులుగా విడగొట్టి వెతుక్కోవాలి. చివరి గుంపులో ఒక్క కాలమే మిగిలితే అక్కడా డ్రాప్ = ఫాల్స్ పెట్టండి; లేకపోతే ఆర్.ఇండ్ ఉన్నా జంటలు రావు, ఉత్త అంకెలే వస్తాయి.